వాగుకు అవతల ఆగిన పొలి

మా గూడేనికీ కొండ్రపల్లికీ నడుమ ఒక వాగు. ఎండాకాలం దాన్ని వాగు అనడానికి సిగ్గేస్తుంది, ఇసుక తప్ప ఏమీ ఉండదు. వానలు పడితే మోకాలి లోతు, ఒక్కోనాడు నడుము లోతు. గొర్లను దాటించే మాకు తప్ప ఆ వాగు ఎవరికీ పట్టేది కాదు. పురుడైనా, దినమైనా కొండ్రపల్లి చాకలీ మంగలీ వచ్చేవాళ్ళు. ఏ ఊరు అని ఎవరన్నా అడిగితే కొండ్రపల్లి అనేవాళ్ళం. గూడేనికి వేరే పేరు పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఫౌజు వచ్చి నిజాం సర్కారు పోయిన మూడో ఏడు ఆ వాగు హద్దయింది.

ఆ కబురు లచ్చయ్య తెచ్చాడు. లచ్చయ్య కొండ్రపల్లి కాపు. మా బాపు మల్లన్నతో కలిసి దొరల మీద కొట్లాడిన సంగంలో తిరిగినవాడు, ఫౌజు క్యాంపులో బాపు పక్కనే దెబ్బలు తిన్నవాడు. మేం మామా అని పిలిచేవాళ్ళం. ఓట్లు వస్తున్నాయనీ, ఓట్ల కోసం ఊళ్ళను ముక్కలుగా పంచుతున్నారనీ, ముక్కకొక మనిషి గెలిచి పట్నం పోతాడనీ చెప్పాడు. మన దగ్గర గీత వాగులో పడిందట. వాగుకు తూర్పున ఉన్న కొండ్రపల్లి ఒక ముక్కలో. పడమట ఉన్న మా గూడెం, పక్క తండా, వాగు పొడుగునా ఉన్న గూడేలన్నీ ఇంకో ముక్కలో.

తూర్పు ముక్కలో గడీలో ఉండే దొర తమ్ముడు నిలబడుతున్నాడు. సంగం రోజుల్లో ఆ అన్నదమ్ములు పట్నం పారిపోయారు. ఫౌజు వెనకాలే తిరిగివచ్చారు, వచ్చేటప్పుడు ఖద్దరు తొడుక్కుని వచ్చారు. గూడేల ఓట్లు సంగం వైపే పడతాయని వాళ్ళకు తెలుసు. పడమటి ముక్కలో ఊళ్ళన్నీ దొర చుట్టాలవి. అక్కడ మా ఓట్లు వేసినా ఒకటే, వెయ్యకున్నా ఒకటే.

ఈ గీత ఎవరు గీశారు మామా అని అడిగాను.

“గీసినోడు పట్నంల ఉన్నడు. గీయించినోడు గడీల ఉన్నడు” అన్నాడు లచ్చయ్య.

అయితే దారి ఒకటి ఉందన్నాడు. ఒక ఊరిని రెండుగా కోయకూడదని రూలు ఉందట. గూడెం కొండ్రపల్లిలో భాగమేనని చూపిస్తే గీత గూడెం వెనకకు పోవాలి. పట్నం నుంచి ఒక ఆఫీసరు నల్లగొండ వచ్చి ఫిర్యాదులు వింటాడు. అందుకు కాగితం కావాలి.

బాపు నవ్వాడు. ఆ కాగితాలు మేమే కాల్చాం. సంగం జోరు మీద ఉన్నప్పుడు పట్వారీ ఇంట్లో ఉన్న బస్తాలన్నీ బజార్లో కుప్ప పోసి అంటించాం. అప్పు పత్రమేదో, ఊరి హద్దుల పత్రమేదో ఏరి చూసే తీరిక ఆనాడు ఎవరికీ లేదు. ఏరడం చేతనైనవాడు కూడా లేడు. నేను సర్కారుది కాని ఖాన్గీ బడిలో మూడో తరగతి దాకా చదివిన తెలుగు ఆ ఉర్దూ కాగితాల ముందర దేనికీ పనికిరాదు.

కాగితం లేకుంటే మనిషి మాట వింటారట. కొండ్రపల్లి పెద్దలు, గూడెం పెద్దలు కలిసి పోయి, మాది ఒకే ఊరు అని చెప్పాలి. లచ్చయ్యా, బాపూ పోవాలని అనుకున్నారు. ఆఫీసరు ఎప్పుడు వస్తాడో ఇంకా తెలియదు.

ఆ నడుమ పశువులకు గురక రోగం వచ్చింది. గొంతు వాచి, గుర్రుగుర్రుమని, పొద్దున బాగున్న ఎద్దు పొద్దుగూకేసరికి పడిపోయేది. దున్నే కాలంలో ఎద్దు పోతే ఆ ఇల్లు ఏడాదంతా పస్తే. కొండ్రపల్లి వాళ్ళు ఊరు కట్టాలన్నారు. ఊరి నడుమ పాతిన బొడ్రాయి దగ్గర దున్నపోతును బలి ఇచ్చి, దాని నెత్తురు కలిపిన అన్నాన్ని ఊరి దేవతల కొలుపులు చేసే బైండ్లాయన ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పోతాడు. అదే పొలి. పొలి చల్లినంక మరునాడంతా ఊరు కట్టులో ఉంటుంది. లోపలివాళ్ళు గీత దాటి బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఎవరు దాటినా రోగం వాళ్ళ కాళ్ళ వెంట మళ్ళీ ఊళ్ళోకి వస్తుందని నమ్మకం.

దున్నపోతును ఎవరిస్తారు అన్నది మాట. సంగం, ఫౌజు, క్యాంపు అన్నీ అయినంక ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. గడీ నుంచి దొర పనులన్నీ చూసే కారోబారు జంగయ్య వచ్చి, దొర ఇస్తాడన్నాడు. గడీ ఉన్నది పడమట కోసు దూరంలో వేరే ఊళ్ళో అయినా, ఈ ఊళ్ళన్నీ ఒకప్పుడు దొర చేతి కిందివే. దొర దున్నపోతు వద్దని బాపు అన్నాడు. లచ్చయ్య మాత్రం, “ఎద్దులు సచ్చినంక ఓటేసి ఏం దున్నుతమే మల్లన్నా” అన్నాడు. ఆ మాటకు బాపు తల దించుకున్నాడు. గడీ అయ్యవారు మంగళవారం మంచిదని చెప్పాడు. అందరూ సరేనన్నారు.

సోమవారం పొద్దుగాల తలారి డప్పు కొట్టాడు. ఓట్ల హద్దుల ఆఫీసరు బుధవారం నల్లగొండలో ఉంటాడు, ఆ ఒక్కనాడే వింటాడు.

డప్పు మాకు సోమవారం వినిపించింది. గడీకి ఎప్పుడు వినిపించిందో మేం అడగలేదు. కట్టును వెనక్కి జరపడానికి వీల్లేదు, రోజుకు ఇన్ని ఎద్దులు పడిపోతున్నాయి. ముందే పోయి నల్లగొండలో ఉందామా అంటే, బలినాడు ఇంటి పెద్ద బొడ్రాయి దగ్గర లేకపోతే ఆ ఇంటికి కీడు. బాపే ఒక మాట చెప్పి అందరి మనసూ కుదుట పరిచాడు. కట్టు ఊరికీ గూడేనికీ ఒకటే కదా, ఎవరమూ కదల్లేమని గురువారం పోయి ఆఫీసరు కాళ్ళు పట్టుకుందాం, ఆయనకూ ఒక ఊరు ఉంటుంది, అర్థం చేసుకుంటాడు అన్నాడు.

మంగళవారం బలి అయింది. మేమంతా పోయి మొక్కి, ఎప్పటిలాగే పొలి బయలుదేరక ముందు గూడేనికి వచ్చి తలుపులు వేసుకున్నాం.

తెల్లవారి నేను గొర్లను గూడెం వెనక ఉన్న పెద్ద రాతి గుండు దాకా తోలుకుపోయాను. పొలి ఎప్పుడూ ఆ గుండును ఆనుకుని పోతుంది. మెతుకులు తొక్కకుండా నేల చూసుకుంటూ నడిచాను. మెతుకులు లేవు. గుండుకు ఆ పక్కా ఈ పక్కా చూశాను. కాకులు లేవు, చీమలు లేవు. గొర్లను అక్కడే విడిచి వెనక్కి వచ్చాను. వాగు దగ్గరికి పోతే కాకులు అవతలి ఒడ్డున ఉన్నాయి. ఎర్ర మెతుకులు ఒడ్డు పొడుగునా పడి ఉన్నాయి. పొలి వాగు దాటలేదు.

గూడెమంతా వాగు ఒడ్డుకు వచ్చింది. ఆడవాళ్ళకు ఓట్ల సంగతి తట్టలేదు. వాళ్ళకు తట్టింది ఒకటే. ఊళ్ళోంచి తరిమిన రోగం గీత బయటికి వస్తుంది, గీత బయట ఉన్నది మేము.

అవతలి ఒడ్డుకు బైండ్ల సైదులు వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. బాపు అడిగాడు.

“కాగడాలు ఎటు పోతె నేనటు పోత మల్లన్నా” అన్నాడు సైదులు. “తల్లి మీదికచ్చినోనికి వాగేంది, గుట్టేంది. తెల్లారినంక సూసుకున్న.”

కాగడాలు పట్టినవాళ్ళు ఎవరో అడగవలసిన పని లేదు. దున్నపోతు వెంట గడీ నుంచి వచ్చిన మనుషులే పట్టారు.

అంతలో పడమటి బాట మీద జంగయ్య బండి కట్టుకుని గూడెంలోకి వచ్చాడు. ఆ వేళకు గడీ బండి మా గూడేనికి రావడం నేనెన్నడూ చూడలేదు.

“నల్లగొండ పోవాల్నంటివి గద మల్లన్నా. కట్టు ఊరికి, మీకేం అడ్డం? ఎక్కుండ్రి, బండి దెచ్చిన.”

బాపు బండి చుట్టూ తిరిగి ఎద్దుల మెడ నిమిరాడు. “ఎడ్లు మంచిగున్నయి జంగయ్యా. గడీ ఎడ్లకు గురక తగల్లేదా?”

“దొర పుణ్యం.”

“ఔ. పుణ్యం గూడ గడీ కొట్టంల్నే కట్టేసిండ్రు” అన్నాడు బాపు.

జంగయ్య నవ్వి, బండిని అక్కడే విడిచి, చింత కింద కూర్చుని బీడీ ముట్టించాడు. తొందర లేని మనిషి లాగా కూర్చున్నాడు.

బాపు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పాడు. మనం ఇవాళ పోకపోతే ఫిర్యాదు లేదు, గీత వాగులోనే ఉంటుంది. మనం పోతే, వాళ్ళ వకీలు ఒక్క మాట అడుగుతాడు. ఇవాళ కొండ్రపల్లి కట్టులో ఉంది కదా, కొండ్రపల్లి వాళ్ళు కదల్లేరు కదా, మరి మీరెట్లా వచ్చారు? వచ్చారంటే మీరు కొండ్రపల్లి కాదు. మన కాళ్ళతో మనమే పోయి, మాది వేరే ఊరు అని సాక్ష్యం ఇచ్చినట్టు. అందుకే బండి కూడా తెచ్చారు.

పోయినా చెడిందే, ఉన్నా చెడిందే. క్యాంపులో ఉన్నప్పుడు చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఆ కంచె కళ్ళకు కనపడేది. ఇది నాలుగు మెతుకులు.

లోపలి నుంచి ఒక మనిషి రావాలి. కట్టులో ఉన్న కొండ్రపల్లి మనిషి వచ్చి, గూడెం మాదేనని చెప్పాలి. బాపు వాగు ఒడ్డుకు పోయి లచ్చయ్యను పిలిచాడు. లచ్చయ్య అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. అతని వెనక సగం ఊరు ఉంది. నీళ్ళు మోకాలి మీదికి పారుతున్నాయి. ఇద్దరూ రెండు ఒడ్ల మీద నిలబడి మాట్లాడుకున్నారు.

బాపు రమ్మనలేదు. సంగతి చెప్పి ఊరుకున్నాడు. లచ్చయ్య మెతుకుల దాకా వచ్చి ఆగాడు.

“ఫౌజోడు తుపాకి వెట్టినప్పుడు నీ పేరు చెప్పలే మల్లన్నా. గిప్పుడు గీ మెతుకులు దాటుమంటె నాతోని అయితలేదు. రేపు ఎవ్వని ఎద్దు వడ్డా నా మొఖమే సూస్తరు.”

బాపు సరేనన్నట్టు తల ఊపాడు. ఆ మాటలో తప్పు లేదు. లచ్చయ్య దాటకూడదని మాలో కూడా సగం మందికి ఉంది. పొలిని మేమూ నమ్ముతాం.

అప్పుడు మా అక్క భద్రమ్మ అవతలి జనంలోంచి ముందుకు వచ్చింది. అక్కను కొండ్రపల్లి గొల్లవాళ్ళకే ఇచ్చాం. బావ క్యాంపు నుంచి దెబ్బలతో వచ్చి ఆ నెలలోనే పోయాడు. అక్కకు పిల్లలు లేరు. అత్త సుక్కమ్మ, వాగు ఒడ్డున ఒక మెట్ట చెలక, ఒక జత ఎద్దులు, ఇవే ఆమె లోకం. జతలో ఒకటి ఆ సోమవారమే పడిపోయింది.

“మామా, కట్టు ఎవ్వలు దాటినా ఒకటేనా?” అని లచ్చయ్యను అడిగింది.

“ఒకటే బిడ్డా.”

“ఎవ్వలు దాటకపోతె?”

అక్క చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. వెనక నుంచి సుక్కమ్మ గొంతు వచ్చింది, అరుపు కాదు, మామూలుగానే అన్నది.

“కోడలా, కాలు దీసినవంటె మల్ల నా గడప తొక్కకు.”

“ఎద్దుకు గడ్డేసిన అత్తా. జర నీళ్ళు వెట్టు” అని అక్క మెతుకుల మీద అడుగు వేసి నీళ్ళలోకి దిగింది.

సైదులు మొగం తిప్పుకున్నాడు. అవతల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇవతల మా గూడెం వాళ్ళు కూడా అక్కకు దారి విడిచి జరిగారు. ఆమెను తాకడానికి వాళ్ళకూ భయమే. నేను చెయ్యి ఇచ్చి ఒడ్డు ఎక్కించాను. చింత కింద జంగయ్య లేచి నిలబడ్డాడు.

గడీ బండి మేం ఎక్కలేదు. బాపూ, అక్కా, నేనూ నడిచి పోయాం. నల్లగొండ చేరేసరికి పొద్దు వాలింది. కచ్చేరిలో ఆఫీసరు లేవబోతున్నాడు. ఆయనది వేరే రాజ్యం, తెలుగు రాదు, కచ్చేరి గుమాస్తా పేష్కారు ఉర్దూలో చెప్తుంటే వింటున్నాడు. దొర తరఫు వకీలు నల్ల కోటు మడిచి చేతి మీద వేసుకున్నవాడల్లా మమ్మల్ని చూసి మళ్ళీ తొడుక్కున్నాడు.

బాపు అనుకున్నట్టే జరిగింది. వకీలు అదే మాట అడిగాడు, ఆ మాటల్లోనే అడిగాడు. ఇవాళ కొండ్రపల్లి కట్టులో ఉందా? ఉంది. కట్టులో ఉన్నవాళ్ళు బయటికి వస్తారా? రారు. నువ్వు వచ్చావా? వచ్చాను. వకీలు ఆఫీసరు వైపు తిరిగి చేతులు చాపాడు. పేష్కారు రాసుకున్నాడు.

అప్పుడు అక్కను ముందుకు రమ్మన్నారు. కొండ్రపల్లి కోడలిననీ, కట్టులోంచి వచ్చాననీ చెప్పింది. వకీలు నవ్వాడు. “ఊరి కట్టు తెంచిన మనిషి ఊరి తరఫున ఏం చెప్తుంది సాబ్? ఊరే ఈమెను ఒప్పుకోదు.”

ఆఫీసరు అక్కను తనే అడిగాడు, పేష్కారు తెలుగులో చెప్పాడు. ఎందుకు దాటావు?

“నేను గూడెంల పుట్టిన అయ్యా. చిన్నప్పుడు ఊరు కట్టిన్నాడు మేక గుండు దాటిపోతె దాని ఎనక నేనురికిన. మా బాపు తుమ్మబరిగె తోని కొట్టిండు, కట్టు దాటుతవా అని. గా వాతలు ఊర్కెనే పడ్డయా?” బాపు వైపు చూపింది. “గీయనను అడుగుండ్రి. బిడ్డను గొట్టింది నిజమా కాదా.”

ఆఫీసరు బాపును చూశాడు. బాపుకు ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. నిజమే అన్నాడు. ఎక్కడ కొట్టావని పేష్కారు అడిగాడు. గుండు దగ్గర. గుండు ఎక్కడుంది? గూడెం వెనక, పడమట.

వకీలు ఏదో అనబోయాడు. ఆఫీసరు చెయ్యి ఎత్తి ఆపాడు. ఈ సారి పొలి వాగు దగ్గర ఎందుకు ఆగింది అని అక్కను అడిగాడు.

“కాగడాలు పట్టినోల్లను అడుగుండ్రి.”

ఆఫీసరు కాసేపు రాసుకుని, హుకుం తర్వాత వస్తుందన్నాడు. అంతే. మేం బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. బాపు తన మూటలోని రొట్టె విరిచి పెద్ద ముక్క అక్కకు ఇచ్చాడు.

గురువారం మేం తిరిగి వచ్చేసరికి కట్టు విడిచింది. జనం వాగు దాటి అటూ ఇటూ తిరుగుతున్నారు. అక్కను మాత్రం అవతలి ఒడ్డు ఎక్కనియ్యలేదు. ఆమె రెండో ఎద్దు తెల్లవారే పడిపోయింది. అది ఒక్కటే కాదు, ఆ వారం ఊళ్ళో ఇంకా చాలా పడ్డాయి. అక్క దాటకున్నా అవి పడేవో లేదో ఎవరికి తెలుసు. పడ్డ ప్రతి ఎద్దు దగ్గరా అక్క పేరు వినిపించింది. మా గూడెంలో కూడా రెండు మూడు ఇళ్ళల్లో వినిపించింది.

పది పదిహేను రోజులకు లచ్చయ్య వచ్చాడు. మంచం వేస్తే కూర్చోలేదు. ఊరు ఒక మాట అనుకుందట. భద్రమ్మ బొడ్రాయి ముందర నిలబడి తప్పు ఒప్పుకుంటే, కడవ నీళ్ళు పోయించి ఇంట్లోకి రానిస్తారు. చెలక ఆమెదే.

“ఒప్పుకుంట మామా. దాటింది తప్పే” అంది అక్క.

లచ్చయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. “ఇంకోటి ఉన్నది బిడ్డా. జంగయ్య వచ్చి పెద్దమనుషులల్ల కూసున్నడు. నల్లగొండల చెప్పింది గూడ తప్పని అనాల్నట. వకీలు వచ్చి ఇంటడట.”

హుకుం ఇంకా రాలేదు. ఆ మాట అంటే మళ్ళీ గీత వాగులో పడుతుందని అక్కకు తెలుసు, లచ్చయ్యకూ తెలుసు.

“దాటింది తప్పంట. చెప్పింది తప్పనను.”

“రెండు గలిపి అంటెనే రానిస్తరట.”

అక్క చాటలో జొన్నలు చెరుగుతోంది. చెరుగుతూనే ఉంది. లచ్చయ్య కొంచెంసేపు చూసి వెళ్ళిపోయాడు.

ఆ చెలక మా గూడెంలో నిలబడితే కనిపిస్తుంది. నడుమ వాగు వెడల్పే. అక్క మరిది వరసవాడు దాన్ని దున్నాడు, ఆముదాలు వేశాడు. కలుపు తియ్యలేదు. గట్టు తెగితే కట్టలేదు. అక్క రోజూ గొర్లకు నీళ్ళు తాపడానికి వాగుకు వచ్చి, అటు చూసి, గట్టు తెగిందని నాతో చెప్పేది. నేను ఊ అనేవాణ్ణి.

వానలు వెనకబట్టినంక హుకుం వచ్చింది. గూడెం కొండ్రపల్లితోనే ఉంటుంది. గీత వాగులోంచి లేచి, మా గూడెం వెనక గుండు చుట్టూ తిరిగి, మళ్ళీ వాగులో దిగింది. పక్క తండా, కింది గూడేలన్నీ పడమటనే పోయాయి. వాళ్ళ తరఫున నల్లగొండ పోయినవాళ్ళు లేరు. మా వాళ్ళు ఆ పొద్దు కల్లు తెచ్చుకున్నారు. బాపు తాగలేదు. అక్క దొడ్లోకి పోయి గొర్ల కాళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

చలికాలంలో ఓట్లు వచ్చాయి. డబ్బాలు కొండ్రపల్లి బడిలో పెట్టారు. గూడెమంతా కొత్త బట్టలు లేకున్నా ఉన్నవి ఉతుక్కుని వాగు దగ్గరికి వచ్చాం. నీళ్ళు చీలమండలు కూడా మునగని లోతు. అక్క ఇవతలే ఆగింది. ఆమె ఓటు కొండ్రపల్లి కోడలిగా రాసి ఉంది.

బాపు కూడా ఆగాడు. బాపు ఆగితే అందరూ ఆగారు.

“పోండ్రి. గిందుకేనా నేను దాటింది?” అంది అక్క.

అవతలి ఒడ్డున ఊరి పెద్దలు కొందరు ఉన్నారు. బడి దగ్గర పోలీసులు ఉన్నారు. ఓటుకు వచ్చేవాళ్ళను ఎవరూ ఆపొద్దని సర్కారు హుకుం. పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. లచ్చయ్యను ముందుకు తోశారు. లచ్చయ్య నీళ్ళ దాకా వచ్చాడు.

“ఓటుకు రావచ్చు భద్రమ్మా. ఇంటికి రావద్దు” అన్నాడు. ఆ మాట అని పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

అక్క దాటింది. నేను ఆమె వెనకాలే ఉన్నాను. బడికి పోయే బాట ఆమె ఇంటి ముందరి నుంచే పోతుంది. సుక్కమ్మ గడపలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, లోపలికి పోలేదు. కొట్టం ఖాళీగా ఉంది. అక్క నడక తగ్గించలేదు, తల దించలేదు. బడిలో వేలికి సిరా పెట్టించుకుని, మా గుర్తు ఉన్న డబ్బాలో కాగితం వేసి బయటికి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు చెలక గట్టు మీద ఆగింది. ఆముదాలు కోసి ఉన్నాయి. వంగి, తెగిన గట్టు మీద ఒక రాయి పెట్టింది, ఇంకొకటి పెట్టింది. ఒడ్డు మీద నుంచి పెద్దలు చూస్తున్నారు. మూడో రాయి చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, కింద విడిచింది.

“నడువు తమ్మీ” అంది. “పొద్దుగూకక ముందే దాటాలె.”